పాతర మీద బండ

పిల్లలూ! మీలో ఎంతమంది జొన్నల పాతరను చూశారు? చూసి ఉండరు. మా ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఇప్పుడు అది కనిపించడం అరుదు. నేనూ చూడలేదు. మా తాత చెబితే విన్నాను.

పాతర అంటే ధాన్యం దాచుకోవడానికి భూమిలో తవ్విన గొయ్యి. కడప, కర్నూలు సీమల్లో వానలు తక్కువ. ఒక ఏడు పండితే మరుసటి ఏడు పండుతుందన్న నమ్మకం లేదు. అంచేత పండిన ఏడు జొన్నలను జాగ్రత్తగా దాచుకునేవారు. ఇంటి ముందరో, వీధిలోనో లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి దట్టంగా పరిచి, నిండా జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, బండ మూసి, దాని మీద మన్ను కప్పేవారు. మా వైపు నాపబండలకు కరువేముంది? మన్ను కప్పిన చోటనే పిల్లలు గోలీలాడుకునేవారు. బండ్లు అటూ ఇటూ తిరిగేవి. తమ కాళ్ళ కింద ఇంటిల్లిపాదికీ సరిపడే తిండి ఉన్నదని కొత్తవాళ్ళకు తెలిసేది కాదు.

"బండ ఎత్తి చూస్తే ఏమవుతుంది తాతా?" అని ఒకసారి అడిగాను.

"చూస్తే ఏమీ కాదు నాయనా! ఎత్తీ ఎత్తగానే లోపలికి దిగితే మటుకు మనిషి దక్కడు," అన్నాడు తాత.

ఎందుచేతనంటే, గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి. మూసిపెట్టిన గోతిలో అవి ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు గాలిని వదులుతాయి. మీ పుస్తకాల్లో దీనినే కార్బన్ డయాక్సైడు అంటున్నారు. అది మామూలు గాలికన్నా బరువు గనక గోతి అడుగున నిలిచిపోతుంది. అంచేత పెద్దవాళ్ళు బండ తీసి, చాలాసేపు అల్లాగే వదిలేసి, తాడుకు దీపం కట్టి లోపలికి దించి చూసేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగేవారు కారు. వెలుగుతూ ఉంటే దిగి, కావలసినన్ని జొన్నలు తీసుకొని, మళ్ళీ బండ మూసేవారు.

ఇప్పుడు ఈ పాతర గొడవ ఎందుకంటారా? మీ ఇంట్లోనో, బళ్ళోనో ఉన్న కంప్యూటరులో కూడా ఇల్లాంటి పాతరలే ఉన్నాయి. వాటి మీదా బండ ఉన్నది. ఆ బండ ఎత్తి నేను ఒకసారి పెద్ద ముప్పు తెచ్చిపెట్టాను. చాలా ఏళ్ళ తరువాత అదే బండ ఎత్తి ఒక పాప ఏడుపు మాన్పించాను. ఆ రెండు సంగతులూ చెబుతాను, వినండి.

అవి 2004వ సంవత్సరం ఎండాకాలం సెలవులు. నాకప్పుడు పదమూడేళ్ళు. మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, ఎర్రగుంట్లలో ఒక చిన్న డి.టి.పి. కొట్టు నడిపేవాడు. పెళ్ళిపత్రికలు, అర్జీలు, నాపరాళ్ళ వ్యాపారుల రసీదు పుస్తకాలు కంప్యూటరు మీద కూర్చి, అచ్చుకు సిద్ధం చేసేవాడు. అప్పు చేసి కొన్న కంప్యూటరు అది. అందులో నలభై జీబీల డిస్కు, విండోస్ ఎక్స్‌పీ ఉండేవి. నేను రోజూ వెళ్ళి పక్కన కూర్చుని చూసేవాణ్ణి. చూడగా చూడగా నాకు అంతా వచ్చేసిందని నాకు నమ్మకం కలిగింది.

ఒకనాడు డిస్కులో చోటు అయిపోవచ్చిందని కంప్యూటరు మాటిమాటికీ చెప్పసాగింది. అన్న కాగితం కొనడానికి ప్రొద్దుటూరు వెళుతూ, "నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దురా అబ్బీ," అని చెప్పి పోయాడు. అన్న వచ్చేలోగా చోటు చేసిపెడితే ఎంత మెచ్చుకుంటాడో అనుకున్నాను నేను!

ఫోల్డర్ ఆప్షన్స్ అనే పెట్టెలో, దాచిన ఫైళ్ళను చూపించమనే మీట ఒకటి ఉన్నది. నొక్కాను. దాని కిందనే ఇంకొకటి ఉన్నది: కంప్యూటరును నడిపే ముఖ్యమైన ఫైళ్ళను దాచి ఉంచమనే గుర్తు. దాన్ని తీసేయబోతే, "వీటిని చెరిపినా మార్చినా కంప్యూటరు పనికిరాకుండా పోవచ్చు, నిజంగా చూపించమంటావా?" అనే అర్థం వచ్చేట్టు కంప్యూటరు అడిగింది. "ఎస్" అన్నాను.

అంతవరకూ నాలుగైదు ఫోల్డర్లే ఉన్న సి డ్రైవులో కొత్తవి బయటపడ్డాయి. వాటి బొమ్మలు మిగతావాటిలాగా నిండుగా లేవు. మంచులోంచి చూసినట్టు మసకమసకగా ఉన్నాయి. "అన్న వీటిని తెరవగా నేనెప్పుడూ చూడలేదే! ఇవన్నీ అటక మీది పాత సామానులాంటివి కాబోలు," అనుకున్నాను. అన్నిటికన్నా పెద్ద ఫైలును చెరపబోయాను. అది వాడుకలో ఉన్నది, చెరపడం కుదరదన్నది కంప్యూటరు. పక్కనున్న చిన్నవాటి మీద పడ్డాను. "ఇది సిస్టం ఫైలు" అని మళ్ళీ హెచ్చరిక వచ్చింది. మళ్ళీ "ఎస్" అన్నాను. చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను. ఆ తరువాత కంప్యూటరును ఆపి, మళ్ళీ వేశాను.

నల్లని తెర మీద ఒక్క తెల్లని పంక్తి వచ్చింది: "ఎన్‌టిఎల్‌డిఆర్ ఈజ్ మిస్సింగ్."

ఇంక అంతే. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే పంక్తి. నా చేతులు చల్లబడ్డాయి.

నేను చేసినదేమిటో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. కంప్యూటరు కరెంటు రాగానే నిద్ర లేస్తుంది గాని, తానెవరో తనకు తెలియదు. లోపల ఒక చిన్న చిప్పులో ఉన్న ఆజ్ఞలు దాన్ని డిస్కు మొదటి భాగానికి తీసుకుపోతాయి. అక్కడ ఉన్న నాలుగు మాటలు, "ఎన్‌టిఎల్‌డిఆర్ అనే ఫైలును పిలువు," అని చెబుతాయి. ఆ ఫైలు లేచి విండోసును లేపుతుంది. ఇంట్లో అందరికన్నా ముందు అవ్వ లేచి, మిగతావాళ్ళను లేపినట్టన్నమాట. ఆ ఫైలు ఉన్నది పావు మెగాబైటు. నలభై జీబీల డిస్కులో నేను మిగిల్చిన చోటు చిటికెడు. ఆపేసినది మొత్తం కంప్యూటరును.

అన్న వచ్చాడు. చూశాడు. "ఏమిరా, ఏమైనా చేసినావా?" అన్నాడు. నేను లేదన్నట్టు తల ఊపాను.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన సాయంత్రానికి వచ్చాడు. ఆ పంక్తిని చూసి, "డిస్కే చెడిపోతున్నట్టుంది. అంతా చెరిపి, విండోసు మళ్ళీ ఎక్కిస్తాను," అన్నాడు. అన్న ముఖం పాలిపోయింది. ఆ డిస్కులో ఒక ఇంటి పెళ్ళిపత్రిక ఉన్నది. మూడు రోజులు కూర్చి, పెద్దలందరి పేర్లూ వాళ్ళు చెప్పిన వరసలో సరిచూసి పెట్టింది. మరునాడు పొద్దున్నే అచ్చుకు పోవాలి. ఇంకా ఎందరివో పనులు ఉన్నాయి. వేరే చోట నకళ్ళు లేవు.

ఆయన సీడీ తీసి పెట్టబోతూ ఉంటే నేనింక ఆగలేకపోయాను. "డిస్కు చెడిపోలేదు. నేనే చెరిపినా," అన్నాను. ఏయే ఫైళ్ళు చెరిపానో, ఏడుస్తూ, గుర్తున్నంతవరకూ చెప్పాను.

ఆయన నావైపు చూసి నవ్వాడు. "ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత ఆలోచనే లేకపోవును గదా అబ్బీ!" అన్నాడు. ఆయన దగ్గరున్న విండోసు సీడీలో ఆ ఫైళ్ళు ఉన్నాయి. వాటిని డిస్కు మీదికి నకలు చేశాడు. కాస్సేపటికి కంప్యూటరు లేచింది. పెళ్ళిపత్రిక చెక్కుచెదరలేదు.

అన్న నన్ను కొట్టలేదు. "ఫైలు చెరిపితే మళ్ళీ పెట్టుకుంటాం. నువ్వు చేసింది దాచిపెట్టినావు చూడు, దానికి డిస్కంతా పోయేది," అన్నాడు. ఆ మాట ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

సరే, కంప్యూటరు వాటిని ఎందుకు దాచుతుంది? దొంగలకు భయపడి కాదు. నావంటి వాళ్ళకు భయపడి! 1981లో ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. దాన్ని నడిపే డాస్ అనే వ్యవస్థలో రెండు ముఖ్యమైన ఫైళ్ళు ఉండేవి. ఫైళ్ళ జాబితా అడిగితే మిగతావన్నీ కనిపించేవి గాని, ఆ రెండూ కనిపించేవి కావు. చెయ్యి జారి ఎవరైనా చెరిపితే కంప్యూటరు లేవదు గనక వాటిని చాటున పెట్టారు.

దీనికన్నా ముందే, 1970ల తొలి ఏళ్ళలో, అమెరికాలోని బెల్ లాబ్స్‌లో తయారైన యూనిక్స్ వ్యవస్థలో దాచడమనేది పొరపాటున పుట్టిందట! అక్కడ ప్రతి ఫోల్డరులోనూ ఒక చుక్క పేరుతోనూ, రెండు చుక్కల పేరుతోనూ రెండు గుర్తులుంటాయి. ఒక చుక్కకు "ఈ ఫోల్డరు" అనీ, రెండు చుక్కలకు "దీని పై ఫోల్డరు" అనీ అర్థం. జాబితాలో ఇవి ప్రతిసారీ కనిపించి విసుగు పుట్టించడంతో, "పేరు చుక్కతో మొదలైతే చూపించవద్దు," అని ఒక చిన్న నియమం రాశారు. దానితో ఆ రెండే కాక, చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ కనిపించకుండా పోయాయి. బెల్ లాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ ఈ కథను 2012లో రాశారు. ఈనాటికీ లినక్సులోనూ, మ్యాక్‌లోనూ పేరు ముందు చుక్క పెడితే ఆ ఫైలు దాగిపోతుంది.

విండోస్ పద్ధతి వేరు. పెన్‌డ్రైవునే తీసుకోండి. చాలా పెన్‌డ్రైవుల్లో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ 32 బైట్ల చీటీ ఒకటి ఉంటుంది. మొదటి 11 బైట్లలో పేరు ఉంటుంది. పన్నెండో బైటులో ఉన్నది దాని గుణం. బైటు అంటే ఎనిమిది బిట్లు. వరుసగా ఎనిమిది దీపాలున్నాయనుకోండి. కుడివైపునుంచి మొదటి దీపం వెలిగితే "మార్చవద్దు" అని అర్థం. రెండోది వెలిగితే "దాచు". మూడోది వెలిగితే "ఇది సిస్టంది". అయిదోది వెలిగితే "ఇది ఫోల్డరు". ఈ దీపాల విలువలు 1, 2, 4, 8, 16 అని రెట్టింపవుతూ పోతాయి. మామూలు ఫోల్డరు విలువ 16. "దాచు", "సిస్టం" అనే రెండు దీపాలూ వెలిగిస్తే 16కు 2, 4 కలిసి 22 అవుతుంది. అంతే, ఫోల్డరు మాయం! లోపలున్న వస్తువు ఒక్కటీ కదలదు, ఒక్కటీ చెడదు. చీటీ మీద రెండు దీపాలు వెలిగాయి, అంతే సంగతి.

ఇక రెండో సంగతి. 2023లో సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకు మా ఎదురింటి పాప పెన్‌డ్రైవు పట్టుకొని పరుగెత్తుకుంటూ వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మామా, మా జేజి గొంతు పోయింది," అన్నది.

మా వైపు నాయనమ్మను జేజి అంటాం. ఆ జేజి అంతకు ముందటి ఏడు చనిపోయింది. ఆమె పాడిన వడ్ల దంపుడు పాటలూ, చెప్పిన కథలూ ఆ పిల్ల తండ్రి సెల్‌ఫోనులో పట్టి, పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. ఆ తరువాత ఆ ఫోను పాడైపోయింది. ఈ పాప బడిలో ఇవ్వవలసిన కాగితాలు అచ్చు వేయించుకోవడానికి అదే పెన్‌డ్రైవును ఒక కొట్టుకు తీసుకుపోయింది. అక్కడి కంప్యూటరులో వైరసు ఉన్నదట. దాన్ని తీసేసిన తరువాత చూస్తే పెన్‌డ్రైవులో ఏమీ లేదు. "అంతా పోయింది పాపా, ఫార్మాటు చేసిస్తాను," అన్నారట. ఈ పిల్ల ఇవ్వకుండా లాక్కొని వచ్చింది.

"మంచిపని చేసినావు," అని కూర్చోబెట్టాను.

పెన్‌డ్రైవు తెరిచాను. నిజమే, ఏమీ లేదు. అప్పుడు దాని బొమ్మ మీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్ చూశాను. "చదువు," అన్నాను.

"ఎనిమిది జీబీల్లో సుమారు అయిదు జీబీలు వాడినట్టుంది," అని చదివింది. ఒక్క నిమిషం ఊరుకున్నది. "ఖాళీ అయితే సున్న ఉండాల గదా మామా!"

చూశారా, పిల్లలూ! మూత పెట్టిన కుండ ఖాళీదో, నిండుదో తెలియాలంటే ఎత్తి చూస్తే చాలు. బరువు చెప్పేస్తుంది.

కొన్ని వైరసులు చేసే పని ఇది: అసలు ఫోల్డర్లకు ఆ రెండు దీపాలూ వెలిగించి దాచేస్తాయి. వాటి చోట అదే పేరుతో దొంగ బొమ్మలను పెడతాయి. వాటి మూలను చిన్న బాణం గుర్తు ఉంటుంది. మీరు నొక్కితే వైరసు లేస్తుంది. మీకు అనుమానం రాకుండా అసలు ఫోల్డరును కూడా తెరిచి చూపిస్తుంది! కొట్టులో దొంగ బొమ్మలను మటుకు తీసేశారు. అసలువి దాగే ఉన్నాయి.

ముందుగా పెన్‌డ్రైవులో వైరసు మిగిలి ఉన్నదేమో తనిఖీ చేయించాను. అది పాతరలోకి దీపం దించి చూసినట్టు. ఆ తరువాత బండ ఎత్తాము. విండోస్ పదిలో అయితే ఫోల్డరు కిటికీ పైన వ్యూ అనే చోట హిడెన్ ఐటమ్స్ అని ఉంటుంది, గుర్తు పెట్టాలి. విండోస్ పదకొండులో వ్యూ, తరువాత షో, తరువాత హిడెన్ ఐటమ్స్. పెట్టి చూశాము. అప్పుడూ ఏమీ కనిపించలేదు! పాప ముఖం మళ్ళీ చిన్నబోయింది.

ఎందుచేత? ఆ గుర్తు ఒక్క "దాచు" దీపం వెలిగినవాటినే చూపిస్తుంది. "సిస్టం" దీపం కూడా వెలిగితే రెండో బండ ఎత్తాలి. అది నేను పదమూడో ఏట ఎత్తిన బండే. ఆప్షన్స్‌లో వ్యూ అనే పుటలో ఇప్పటికీ ఉన్నది. అదే హెచ్చరిక వచ్చింది. ఈసారి ఇద్దరం దాన్ని పూర్తిగా చదివి, "ఎస్" అన్నాము.

మసకమసకగా నాలుగు ఫోల్డర్లు వచ్చాయి. ఒకదాని పేరు "జేజి".

దీపాలు ఆర్పడం మిగిలింది. ఫోల్డరు గుణాల పెట్టెలో "హిడెన్" అనే గుర్తు ఉంటుంది గాని, సిస్టం దీపం వెలిగి ఉంటే అది కదలదు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని తెర తెరిచి, "యాట్రిబ్" అనే ఆజ్ఞ ఇవ్వాలి. అందులో హెచ్ అక్షరం ముందూ, ఎస్ అక్షరం ముందూ తీసివేత గుర్తు పెడితే ఆ రెండు దీపాలూ ఆరిపోతాయి. తీసివేత బదులు కూడిక గుర్తు పెడితే వెలుగుతాయి. మన లెక్కల పుస్తకంలో ఉన్న గుర్తులే!

ఫోల్డర్లు నిండుగా, మామూలుగా కనిపించాయి. పాప ఒక పాటను నొక్కింది. ముందు కొంచెం దగ్గు వినిపించింది. తరువాత, "పట్టినావా? పాడమంటావా?" అని జేజి గొంతు. పాప నవ్వుతూనే ఏడ్చింది. మేము ఆ పాట అయ్యేదాకా మాట్లాడలేదు.

ఆ తరువాత రెండు పనులు చేశాము. ఒకటి, జేజి పాటలను ఇంకో రెండు చోట్ల నకలు చేశాము. రెండోది, నా కంప్యూటరులో ఎత్తిన రెండు బండలనూ పాప చేతనే మళ్ళీ మూయించాను.

"కనిపిస్తూ ఉంటే ఏమి మామా?" అని అడిగింది.

పెళ్ళిపత్రిక కథ చెప్పాను.

పెద్దలకు కూడా ఒక మాట. దాచడం వేరు, తాళం వేయడం వేరు. దాచిన ఫోల్డరును ఎవరైనా రెండు మీటలు నొక్కి చూడగలరు. లినక్సులో చాలాచోట్ల కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చాలు. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క కలిపి నొక్కాలి. ఇంటి లెక్కలూ, బ్యాంకు కాగితాలూ ఫోల్డరులో దాచి, భద్రంగా ఉన్నాయని అనుకోకండి. వాటికి తాళమే కావాలి, అంటే మంచి పాస్‌వర్డు.

పిల్లలూ, మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే అమ్మనో, నాన్ననో, బళ్ళో అయితే మాస్టారినో పక్కన కూర్చోబెట్టుకొని, ఒకసారి హిడెన్ ఐటమ్స్ గుర్తు పెట్టి చూడండి. యాప్‌డేటా అనీ, ప్రోగ్రామ్‌డేటా అనీ మసక ఫోల్డర్లు కనిపిస్తాయి. మీరు వాడే ప్రోగ్రాములు తమ గుర్తులను దాచుకునే పాతరలు అవి. పేర్లు చదవండి, అర్థం కానిది అడగండి, దేన్నీ చెరపకండి. ఒకవేళ చెయ్యి జారి ఏదైనా పోతే, ఆ సంగతి వెంటనే చెప్పండి. చూడడం అయిపోయిన తరువాత బండ మూయడం మటుకు మరిచిపోకండేం!